ఫోను ఆపేటప్పటి ముఖం

ఒక వెల్డింగ్ బాగుందో లేదో తెలియాలంటే దాన్ని విరగ్గొట్టి చూడాలి. వరంగల్‌లోని ఒక ఐటీఐలో ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని అది. పిల్లల చేత రెండు ఇనుప పలకలను అతికించేవాణ్ని. ఆ అతుకు మీద రంపంతో కోత పెట్టించి, వైస్‌లో బిగించి, సుత్తితో విరగ్గొట్టించేవాణ్ని. విరిగిన చోట చూస్తే అంతా కనిపిస్తుంది: లోపల గాలి బుడగలు మిగిలాయా, మురికి చిక్కిందా, అట్టడుగు దాకా లోహం కరిగి కలిసిందా. ఆ అడుగును మేము రూట్ అంటాం. పైన ఎంత నునుపుగా ఉన్నా రూట్ పట్టకపోతే ఆ పలక ఫెయిల్. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, నేను చెప్పబోయేది మీకు అర్థమవుతుంది.

ఈ విరగ్గొట్టడాన్ని మనిషి జీవితంతో పోల్చాలని కొందరికి అనిపించవచ్చు. దయచేసి పోల్చకండి. విరిగిన పలక తుక్కులోకి పోతుంది. మనిషి మర్నాడు మళ్లీ అదే గేటు దాటి లోపలికి రావాలి.

నేను రిటైరయ్యాను. నా భార్య పోయి ఏడాది దాటింది. చదువుకోవడానికి పుస్తకాలున్నాయి, వండుకోవడానికి ఓపిక ఉంది. ఈ మధ్య మా పాత విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, మీ సర్వీసుల యాదికున్న ఒక్క సంగతి రాయండ్రి, మా బ్యాచ్ పిల్లలకు చదివిస్త" అన్నాడు. వాడు ఇప్పుడు అదే వర్క్‌షాపులో పాఠం చెబుతున్నాడు. ఏ సంగతి రాయమంటున్నాడో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

అది నా సర్వీసు చివరి రోజుల మాట. ఆ బ్యాచ్‌లో ఒకే ఒక్క అమ్మాయి. నెక్కొండ నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చేది. తండ్రి ఆటో ట్రాలీ నడుపుతాడు, తల్లి కూలికి పోతుంది. అప్లికేషన్‌లో మొదటి ఛాయిస్‌గా వెల్డింగ్ రాసింది. పొరపాటున రాసిందేమోనని ఆఫీసు క్లర్కు రెండుసార్లు అడిగాడట. "పొరపాటు ఏంది సార్, ఇష్టంతోనే రాసిన" అందట.

చేతిలో నిలకడ ఉన్న పిల్ల. వెల్డింగ్ రాడ్ పట్టుకున్నప్పుడు మోచేయి ఒంటికి ఆనించుకునేది. అది నేర్పడానికి మగపిల్లల దగ్గర నాకు నెలలు పట్టేది.

అందరిలాగే ఆమెకూ ఒక ఫోను ఉంది, అందరిలాగే రీల్స్ చేసేది. వెల్డింగ్ అయ్యాక అతుకు మీద స్లాగ్ అని ఒక నల్లని పొర మిగులుతుంది. మామూలుగా దాన్ని సుత్తితో గీరి తీయాలి. కరిగించి వేసిన పై వరుస ఒక తీరుగా పడితే మాత్రం ఆ పొర తనంత తానే లేచి, చుట్టుకుంటూ ఊడిపోతుంది. చూడ్డానికి ఎవరికైనా హాయిగానే ఉంటుంది, నాకు కూడా. ఒకరోజు ఆమె ఫోనును టూల్ బాక్సుకు ఆనించి ఆ ఊడడాన్ని వీడియో తీసింది. పొర చివరి దాకా లేచింది, ఆమె ముఖానికి అడ్డంగా ఉన్న షీల్డ్ ఎత్తి నవ్వింది. ఆ వీడియోను లక్షల మంది చూశారు.

నాకు ఈ సంగతి వర్క్‌షాపులో తెలియలేదు. దవాఖానలో తెలిసింది. నా భార్యకు అప్పటికే డయాలిసిస్ నడుస్తోంది. గంటల కొద్దీ మంచం మీద పడుకుని ఉండాలి. ఒక చేయి మిషనుకు, ఒక చేయి ఫోనుకు. ఆమె పుస్తకాలు చదివే మనిషే కానీ ఒంటి చేత్తో పుస్తకం పట్టుకోవడం కష్టం. అందుకని వీడియోలు చూసేది. ఫోను మనుషులను పాడుచేస్తుందని మీకు ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. ఆ గంటల్లో నా భార్యకు నా కంటే ఎక్కువ తోడుగా ఉన్నది ఫోనే.

"గీ పిల్ల మీ షాపుల పిల్లే గదా? యెనుక మీ స్టోర్ భాయ్ టిఫిన్ డబ్బ కనబడ్తాంది," అని నాకు చూపించింది.

చూశాను. బాగుందన్నాను.

"ఏం బాగున్నది?"

"పై వరుస."

"మీకు ఇనుమే కనబడ్తది," అంది. "ఆఖరికి చూడుండ్రి. నవ్వుతది. ఫోన్ ఆపెతందుకు చెయ్యి తెస్తది. గప్పుడు మొఖం చూడుండ్రి."

మళ్లీ పెట్టింది. చెయ్యి తెర మీదికి వచ్చే ముందు అర సెకను ఆ ముఖం కనిపించింది. నవ్వు పూర్తిగా ఆరిపోయి ఉంది. ఇంకో వీడియో పెట్టింది, ఇంకోటి పెట్టింది. అన్నిటి చివరా అదే. నవ్వు, చెయ్యి, మధ్యలో ఖాళీ ముఖం.

"అలసట కావచ్చు," అన్నాను.

"సంతోషం ఉన్నోళ్ల మొఖం గంత జల్ది ఆరిపోదు," అంది నా భార్య.

తర్వాత వారం మా ప్రిన్సిపాల్ గారు గేటు మీద ఫ్లెక్సీ కట్టించారు. ఆయన మంచివాడు. ఆయన భయమల్లా అడ్మిషన్లు. వెల్డింగ్‌లో ఏటా సీట్లు మిగిలిపోతున్నాయని పైనుంచి మాటలు పడుతున్నాడు. ఫ్లెక్సీలో ఆ అమ్మాయి షీల్డ్ ఎత్తి నవ్వుతోంది. వెనక దీపావళి చిచ్చుబుడ్డి లాంటి మెరుపులు ఫ్లెక్సీ కుర్రవాళ్లే వేశారు. వెల్డింగ్‌లో అలాంటి మెరుపులు వస్తే ఆ పిల్లను నేను బయటికి పంపేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఆమె ఒంటరిగా కనిపిస్తే అడిగాను. "అంత పేరొచ్చింది గద బిడ్డా, ఖుషీగ లేవెందుకు?"

ఆమె కాసేపు గ్లవ్స్ మడత పెడుతూ కూచుంది. తర్వాత ఒక్కసారిగా చెప్పింది.

"సార్, నేను ఏం పెట్టినా 'సూపర్ అక్కా' అంటరు. మొన్న కావాలని ఖరాబ్ పీస్ ఒకటి పెట్టిన. దానికి గూడ సూపర్ అక్కా అన్నరు. మంచిది పెడితే, 'ఎవలో చేసిచ్చిన్రు, ఈమె నవ్వుతాంది' అంటరు. గీ ఇద్దర్ల ఎవలి మాట నమ్మాలె సార్? నాకు వచ్చో రాదో నాకే సమజైతలేదు. పొద్దుగాల లేవంగనే ఫోన్ చూస్త. ఎక్కువొస్తె గా పూట నాకు పని వచ్చినట్టు, తక్కువొస్తె రానట్టు. ఇంకోటి చెప్పాల్నా? రోజు గేట్ కాడ నన్ను నేనే దాటుకొని రావాలె."

పొగడ్త కూడా మనిషిని ఇంత నలిపేస్తుందని నాకు అంతవరకు తెలియదు. తిట్లు పడితే తట్టుకోవడం ఎలాగో మా తరానికి నేర్పారు. కొలత లేని పొగడ్తను ఏం చేయాలో మాకెవరూ నేర్పలేదు, ఎందుకంటే ఎవరూ పొగడలేదు.

ఆ బ్యాచ్‌లోనే పరకాల దిక్కు నుంచి వచ్చే కుర్రవాడు ఒకడుండేవాడు. పనిలో అందరికంటే ముందు. మాటలో కూడా. వాడికీ ఒక ఖాతా ఉంది, చూసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ అమ్మాయి ఎదురైతే, "ఏం మేడం, గాగుల్స్ పెట్టుకొని చూడాల్నా మిమ్ములను? ఫ్లెక్సీ మెరుస్తాంది" అనేవాడు. ఆమె కూడా తగ్గేది కాదు. "నువ్వు గూడ నవ్వురా, నీకు గూడ కడ్తరు. కని నీ పండ్లకు రెండు ఫ్లెక్సీలు గావాలె," అనేది. నేను విని ఊరుకునేవాణ్ని. వర్క్‌షాపులో ఆ మాత్రం ఎగతాళి లేకపోతే పొద్దు పోదు.

కానీ ఆ మాటల కింద ఏముందో ఒకసారి వాడే బయటపెట్టాడు. "నా అతుకు ఆమెదానికంటే మంచిగుంటది సార్. మీకు తెలుసు. ఎవడు చూస్తాండు? మా ఇంట్ల గూడ ఆమె వీడియోనే చూస్తాన్రు. గీ పిల్ల మీ క్లాసేనా అని మా చెల్లె అడుగుతాంది." నవ్వుతూనే అన్నాడు. చేతిలో ఉన్న రాడ్ ముక్కను మాత్రం వంచి వంచి విరిచేశాడు.

ఇద్దరికీ ఒకే జబ్బు. ఒకరికి చూసేవాళ్లు ఎక్కువై, ఒకరికి చూసేవాళ్లు లేక.

ఆ నెలలోనే మామూలు బ్రేక్ టెస్ట్ వచ్చింది. ఆమె పలక పైనుంచి అద్దంలా ఉంది. వైస్‌లో బిగించి ఒక్క దెబ్బ కొట్టగానే విరిగింది. విరిగిన ముఖం, అంటే అతుకు తెగిన చోటు, నేను చేతిలోకి తీసుకునే లోపే ఆమె మెల్లగా, తనతో తానే అన్నట్టు, "రూట్ పట్టలే" అంది. నిజమే. అడుగున రెండు పలకల అంచులు కరగకుండా అలాగే ఉన్నాయి. కారణం నాకు వెంటనే తెలిసింది. ఆమె పై వరుస కోసం పని చేస్తోంది. కెమెరాకు రూట్ కనిపించదు. కనిపించేదాని దగ్గరికి త్వరగా పోవడానికి కనిపించనిదాన్ని తొందరగా ముగించేస్తోంది. కెమెరా ముందు పని నేర్చుకునేవాళ్లు తప్ప, చెయ్యి కుదిరినవాళ్లు ఇంకెవరూ చేయని తప్పు అది. అంతకుముందు ఇన్నేళ్లలో అంత మంచి చేతి నుంచి అంత పలచని రూట్ నేను చూడలేదు.

అది సరిదిద్దగలిగిన తప్పే. కానీ పరకాల కుర్రవాడు దాన్ని ఫోనులో తీశాడు. విరిగిన ముఖం, దాని వెనక ఆమె ముఖం. 'ఫ్లెక్సీ మేడం' అని పేరు పెట్టి వదిలాడు. వాడి జీవితంలో మొదటిసారి వాడి వీడియోను వేలమంది చూశారు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. అప్పటికి ఒక పెద్ద ఫ్యాబ్రికేషన్ కంపెనీ వాళ్లు సెలక్షన్ కోసం మా దగ్గరికి వచ్చే రోజు దగ్గరపడింది. ఏడాదికి ఒకసారి వస్తారు. పలక వేయించి, విరగ్గొట్టి, నచ్చినవాళ్లను తీసుకుంటారు. ఆ రోజు పోతే ఆమెకు మళ్లీ అలాంటి అవకాశం ఎప్పుడో చెప్పలేం. ఇంటి పరిస్థితి చూస్తే, చదువు మధ్యలో ఆపిన పిల్ల మళ్లీ రైలెక్కడం కూడా కష్టమే.

ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి ఫ్లెక్సీ దింపమన్నాను. "అడ్మిషన్లు అయ్యేదాక ఉండనీండి సార్, డబ్బులు పెట్టి కొట్టించినం" అన్నారు. నేను వాదించలేదు. స్టోర్‌లో కూచుని ఈ మాట చెబితే స్టోర్ భాయ్ విన్నాడు. నాతో సమానంగా సర్వీసు చేసిన మనిషి. రాడ్లు, షీల్డులు, మా కోపతాపాలు అన్నీ ఆయన ఆధీనంలో ఉండేవి.

మర్నాడు గేటు మీద ఫ్లెక్సీ లేదు. ప్రిన్సిపాల్ గారు స్టోర్‌లోకి వచ్చి చూస్తే, రాడ్ డబ్బాల మీద కప్పి ఉంది.

"ఏం భాయ్ ఇది?"

"రాత్రి వాన పడ్డది సార్. ఛత్తు కారుతాంది. రాడ్లు తడిస్తే ఎట్ల? సర్కారు మాల్ గద. తార్పాలిన్ కోసం రాసి ఏడాదైంది."

"ఫ్లెక్సీయే దొరికిందా?"

"మంచి మజ్బూత్ ఉన్నది సార్. బిడ్డ మొఖం లోపలికే పెట్టిన, పైకి పెట్టలే."

ప్రిన్సిపాల్ గారు పైకప్పు చూశారు, కారుతున్న మాట నిజమే. వెళ్లిపోయారు. ఆ వారంలోనే స్టోర్‌కు తార్పాలిన్ శాంక్షన్ అయింది. ఫ్లెక్సీ మళ్లీ గేటెక్కలేదు.

ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నా భార్యను అడిగాను. దవాఖాన నుంచి ఇంటికి వచ్చే ఆటోలో, కళ్లు మూసుకునే చెప్పింది.

"మంచిగ చేస్తవు బిడ్డా అని మాత్రం చెప్పకుండ్రి. గా మాట లక్షమంది చెప్పిన్రు. ఆమెకు మాటల మీద నమ్మకం పోయింది. మీరు చెప్తె లక్షా ఒకటి అయితది."

"మరి ఎవరి మాట నమ్ముతది?"

"నాకేం ఎరుక. మీరు సార్ గదా."

ఆటో హన్మకొండ చౌరస్తా దాటేసరికి నాకు ఆ 'రూట్ పట్టలే' అన్న మాట గుర్తొచ్చింది. తన పలక విరిగిన క్షణంలో, అందరూ చూస్తుండగా, నా కంటే ముందు, సాకు చెప్పకుండా తప్పు చెప్పింది. చేతిని ఆమె నమ్మడం లేదు కానీ ఆమె కన్ను బాగానే ఉంది. ఆ కంటితో ఆమె తన పనిని తనది అని తెలియకుండా చూడాలి. ఎలా అన్నది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న. దానికి జవాబు వెతకడం నాకు చేతనవును.

ఆదివారం ప్యాసింజర్‌లో నెక్కొండ పోయాను. ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. తల్లి గుమ్మంలోనే చెప్పింది. "రోజంత పండుకుంటది సార్. ఫోన్ బోర్లేస్తది. మళ్ల తిప్పి చూస్తది, మళ్ల బోర్లేస్తది. తిండి గూడ సక్కగ తింటలేదు. ఏమైందంటే చెప్పది."

అమ్మాయి వచ్చి నిలబడింది. ఓదార్పుకు వచ్చాననుకుని ముఖం బిగించుకుంది.

"బుధవారం టెస్ట్ పెడుతున్నా," అన్నాను. "వేరే తీరు టెస్టు. విరగ్గొట్టి చూసి చెప్పేవాళ్లు కావాలె. నువ్వు రా."

"నాతోని కాదు సార్. నాదే విరిగింది. నేనేం చెప్త?"

"రూట్ పట్టలేదని నా కంటే ముందు చెప్పింది ఎవరు?"

ఆమె తలుపు పట్టుకుని నా వైపు చూసింది.

"నీకు వెల్డింగ్ వస్తదా రాదా అని నేను ఇప్పుడు చెప్పను. నాకు చెప్పాల్సిన అవసరం లేదు. చూసుడు వస్తది. చూసెటందుకు రా."

తల్లి చాయ్ ఇచ్చింది. తాగి వచ్చేశాను. దారిలో నమ్మకంగానే ఉన్నాను. ఎందుకో చెప్పలేను. ముఖం బిగించుకున్న మనిషి వస్తుంది, ఏడ్చిన మనిషి రాదు అనిపించింది.

బుధవారం ఆమె వచ్చింది. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి పైకి చూసిందని స్టోర్ భాయ్ తర్వాత చెప్పాడు. ఖాళీ ఇనుప కమ్మీలు తప్ప ఏమీ లేవు.

పొద్దున అందరూ ఒక్కో పలక వేయాలన్నాను. "నేను చూసెటందుకే వచ్చిన సార్" అంది. "చూసేవాళ్లు గూడ వేయాలె, అది రూలు" అన్నాను. రూలు అప్పుడే పుట్టింది. ఫోన్లన్నీ స్టోర్ భాయ్ తన పెద్ద టిఫిన్ డబ్బాలో వేసుకుని మూత పెట్టాడు. పొద్దంతా ఆ డబ్బా లోపలి నుంచి సినిమా పాటలు, దేవుని పాటలు మోగుతూనే ఉన్నాయి. "మీ అమ్మ చేస్తాందిరా," అని అరిచేవాడు, "అన్నం తిన్నవా అని అడుగుతది, తిన్న అని నేనే చెప్తనా?"

మధ్యాహ్నం పిల్లలను తినడానికి పంపి నేను పలకల పని పట్టాను. వెల్డర్ల వరుసలు చేతిరాత లాంటివి. పై అలలు చూసి ఎవరిదో చెప్పేయవచ్చు. అందుకని ప్రతి పలక మీదా పై వరుసను గ్రైండర్‌తో చదును చేశాను. అందం అంతా పోయింది. పక్కన పిల్లలు గుద్దిన తమ తమ నంబర్ల మీద టేప్ అంటించాను. కోతలు పెట్టి, అన్నిటినీ కలగలిపేశాను. ఇప్పుడు ఏది ఎవరిదో నాకు కూడా తెలియదు.

పిల్లలు వచ్చాక వరుసగా విరగ్గొట్టించి, ఇనుప బల్ల మీద పరిచాం. ఒక్కొక్కరు బల్ల చుట్టూ తిరిగి, ప్రతి పలకనూ చూసి, పాసో ఫెయిలో నాకు చెవిలో చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. పాస్ అన్నవాళ్ల పేరు మీద నేను పలక ముందు సుద్దతో ఒక గీత పెడతాను. తర్వాతే టేప్ తీస్తాం. ఎవరూ నవ్వలేదు. ఎవరిని చూసి నవ్వాలో తెలియకపోతే నవ్వు రాదు.

ఆ అమ్మాయి వంతు వచ్చింది. మొదట భయంగా మొదలుపెట్టింది. మూడో పలకకు గొంతు మామూలుగా అయింది. అయిదో పలక దగ్గరికి వచ్చేసరికి వంగి, వెలుగుకు తిప్పి చూస్తోంది. ఎవరెవరున్నారో మరిచిపోయింది. "గిది ఫెయిల్ సార్, మధ్యల మురికి చిక్కింది." "గిది పాస్." ఒక పలక దగ్గర చాలాసేపు ఆగింది. "సార్, గిది అన్నిట్ల ఫస్ట్. రూట్ సాఫ్‌గ వచ్చింది. ఎవలిదో గని, చెయ్యి మంచిది." ఆ పక్క పలకను చూసి, "గిది... పాస్. రూట్ పట్టింది. కని ఆఖర్ల, రాడ్ ఆపిన కాడ గుంత నింపలే. గొప్పగ లేదు. పాస్" అంది.

టేపులు నేనే తీశాను. ఆమె ఫస్ట్ అన్న పలక పరకాల కుర్రవాడిది. దాని ముందు అందరి గీతలూ ఉన్నాయి. వాడు తన నంబరు చూసి, ఎవరు ఏమన్నారో అడిగాడు. నేను ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్పాను: ఎవలిదో గని, చెయ్యి మంచిది. ఎప్పుడూ మాటకు మాట అనేవాడికి చెవులు ఎర్రబడ్డాయి.

'గొప్పగ లేదు, పాస్' అన్న పలక మీది టేపు తీస్తే ఆమె నంబరు ఉంది.

ఆమె వంగి నంబరు వేలితో తడిమింది. మళ్లీ విరిగిన ముఖం చూసింది. తన మాట వెనక్కి తీసుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. అప్పుడు నవ్వింది. అది వీడియో నవ్వు కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కొంచెం సిగ్గుగా, చాలాసేపు నవ్వింది.

"గుంత నింపలే సార్," అంది.

"అవును, నింపలే," అన్నాను.

"అయినా పాసే."

"నువ్వే చెప్పినవ్."

ఆ పలక ముందు పరకాల వాడి గీత కూడా ఉంది. వాడు దానికి పాస్ ఇచ్చాడు. సాయంత్రం స్టోర్ దగ్గర ఫోన్లు తీసుకునేటప్పుడు వాడు ఆమె దగ్గరికి వచ్చి, నేల చూస్తూ, "గా వీడియో డిలీట్ చేస్తాన్న" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంది. తప్పైంది."

"డిలీట్ చెయ్యకు. గా పీస్ నాదే, తప్పు నాదే. నాకు పంపు." వాడు అర్థంకాక చూస్తుంటే అంది: "'ఫ్లెక్సీ మేడం' అన్న పేరు మాత్రం తియ్యిరా. గా ఫ్లెక్సీ ఇప్పుడు రాడ్ల మీద పండుకున్నది."

ఆ రాత్రి ఆమె ఆ వీడియోను తన ఖాతాలోనే పెట్టింది. 'రూట్ పట్టలే. ఎందుకు పట్టలేదో రేపు చెప్త' అని రాసింది. నా భార్య నాకు చూపించి, "ఇగ ఫికర్ లేదు" అంది. కింద ఏం కామెంట్లు వచ్చాయని అడిగాను. "ఎప్పటి లెక్కనే. సగంమంది సూపర్ అంటాన్రు, సగంమంది తిడ్తాన్రు. కని ఆమె చూడనట్టే ఉన్నది, ఎవలికి జవాబియ్యలే."

ఫోన్ మానేసిందని నేను అనడం లేదు. మానలేదు. పొద్దున లేవగానే చూసుకోవడం కూడా పూర్తిగా పోలేదని తర్వాత తనే చెప్పింది. మారింది ఒకటే. అంతకుముందు తన పని ఎలా ఉందో తెలుసుకోవడానికి ఫోను చూసేది. తర్వాత అది తెలుసుకున్నాక చూసేది. నేను చదివిన పుస్తకాలలో ఆత్మవిశ్వాసం గురించి చాలా రాశారు. 'గొప్పగ లేదు, పాస్' అన్నంత సూటిగా ఎక్కడా కనబడలేదు. తన గురించి తాను ఆ మాట అనుకోగలిగి, ఆ రాత్రి నిద్రపోగలిగినవాళ్లకు ఇబ్బంది లేదు.

కంపెనీ వాళ్లు వచ్చారు. వచ్చినాయన ఆమెను గుర్తుపట్టాడు. "నువ్వు రీల్స్ అమ్మాయివి కదా? నీ పని ఎంత బాగుంటుందో నువ్వే చెప్పు" అన్నాడట. ఆమె, "రూట్ మంచిగ వేస్త సార్. ఆఖర్ల గుంత ఒక్కోసారి సరిగ్గ నిండది, దాని మీద పని చేస్తాన్న" అందట. ఆయన పలక విరగ్గొట్టి చూసి, "నిజమే చెప్పింది" అన్నాడు. అది నేను పక్కనుండి విన్నాను. ఆమెను తీసుకున్నారు. పరకాల కుర్రవాణ్ని కూడా తీసుకున్నారు. వాడు కొన్నాళ్లు చేసి, పాఠం చెప్పడం మీద మనసు పోయి, కావలసిన ట్రైనింగ్ చేసి మా షాపుకే వచ్చాడు. ఇది రాయమన్నది వాడే. ప్రతి బ్యాచ్‌కూ ఒకసారి గ్రైండ్ చేసి, టేపులేసి, ఆ టెస్టు పెడుతున్నాడట. టిఫిన్ డబ్బా మాత్రం స్టోర్ భాయ్ రిటైరవుతూ తీసుకుపోయాడు.

నా భార్య ఫోను ఇప్పుడు నా దగ్గర ఉంది. అందులో ఆమె ఖాతా అలాగే ఉంది, ఆమె ఎవరిని చూసేదో వాళ్ల వీడియోలే వస్తాయి. మొన్న ఆ అమ్మాయిది ఒకటి వచ్చింది. ఎక్కడో పెద్ద ట్యాంకు లోపల కూచుని పని చేస్తోంది. స్లాగ్ ఊడడం లేదు, నవ్వడం లేదు. ఒక రాడ్ అయిపోయింది, షీల్డ్ ఎత్తి అతుకును చూసుకుంది. వీడియో అయిపోవస్తోంది. నా భార్య నేర్పిన అలవాటు కొద్దీ, చెయ్యి కోసం, దాని వెనక ముఖం కోసం చూశాను.

చెయ్యి రాలేదు. ఆమె కొత్త రాడ్ పెట్టుకుని, షీల్డ్ దించుకుని, మళ్లీ వంగింది. ఫోను అక్కడుందని గుర్తున్నట్టు లేదు. వెలుగుకు తెర తెల్లబడి, అక్కడికే ఆగిపోయింది.

చూడు అంటూ ఫోను పక్కకు తిప్పాను. పక్కన మంచం ఖాళీగా ఉంది. కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను.